ఎక్కడ విన్న మాటో

కింది నుంచి మొదలుపెడితే తప్పు రాదని వంటామె చెప్పిన దగ్గర్నుంచి ఫాదరుగారు తెల్ల అంగీ గుండీలు కింది నుంచే పెట్టుకుంటున్నారు. ఈ ఆదివారం పొద్దున కూడా మంచం అంచున కూర్చుని, మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క గుండీ బొటనవేలితో తడుముకుంటూ పైకొచ్చారు. మెడ దాకా వచ్చేసరికి కాజా ఒకటి మిగిలింది. పెట్టడానికి గుండీ లేదు. మళ్ళీ కిందికి చూసుకున్నారు. అన్నీ పెట్టినట్టే ఉన్నాయి.

"ఇదేమిటమ్మా, కింది నుంచి వచ్చినా ఇదే గోల" అన్నారు వంటింట్లోకి వినపడేట్టు.

వంటామె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చుంది. ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో వండుతోంది. ఆయనంటే భక్తి ఉంది. భయం మాత్రం చేరిన మొదటి వారంలోనే పోయింది.

"పొట్ట దగ్గర తేడా వచ్చింది సామీ. పైగా బనీను తిరగేసి తొడుక్కున్నారు. కదలకండి." అన్నీ విప్పి మళ్ళీ మొదటి నుంచీ పెట్టుకొచ్చింది, బడికి ఆలస్యమైన పిల్లాణ్ణి తయారుచేసినట్టు. "అక్కడికెళ్ళాక ఇవన్నీ ఎవరు చూస్తారు?"

"సిస్టర్లు ఉంటారు."

"సిస్టర్లు గుండీలు పెడతారా?"

"జిప్పు అంగీ కుట్టిస్తారేమో."

"నవ్వించకండి, గుండీ జారిపోతోంది" అంది. కానీ ఆవిడ నవ్వలేదు.

ఈ రోజు ఆయన వెళ్ళిపోతున్నారు. పది గంటల పూజ అయ్యాక విచారణ జనానికి, అంటే ఈ గుడి పరిధిలో ఉన్నవాళ్ళందరికీ, కృతజ్ఞతలు చెప్పి, భోంచేసి, రెండింటికి కారెక్కాలి. ముసలి గురువులు ఉండే విశ్రాంతి ఇల్లు మూడు గంటల దూరం. ఒక సూట్‌కేసు, ఒక అట్టపెట్టె. నలభై ఒక్క ఏళ్ళు గురువుగా చేశారు, ఆరు విచారణలు తిరిగారు, ఎక్కడా కొత్త గుడి కట్టలేదు. కారుతున్న కప్పులు బాగుచేయించారు. ఆయన ప్రసంగం బాగుందని ఎవరూ అనలేదు, పొడుగైందని కూడా ఎవరూ అనలేదు. పసిబిడ్డలకి జ్ఞానస్నానం చేయించేటప్పుడు మాత్రం నీళ్ళు గోరువెచ్చగా ఉండాలని పట్టుబట్టేవారు. ఇన్నేళ్ళలో ఆయన గురించి నలుగురూ చెప్పుకున్న గొప్ప అదొక్కటే.

ఏడింటికి ఉపదేశి వచ్చాడు. పిల్లలకి జపాలు నేర్పేది, పెళ్ళిళ్ళకి కాగితాలు రాసేది, గుడిలో మైకు పట్టుకునేది అన్నీ అతనే. ఫైలులోంచి కాగితం తీసి రెండు చేతులతో అందించాడు.

"జాబితా ఫాదర్. ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాలో వరసగా రాశాను. ఎవర్నీ వదలొద్దు. మీరెళ్ళిపోతారు, నేనిక్కడే ఉండాలి కదా."

ఫాదరుగారికి మనుషుల పేర్లు ఎప్పుడూ నిలవవు. అది తెలిసి ఉపదేశి పనుల వరసనే రాశాడు. గంట కొట్టే తాత. గుడి ఊడ్చే అక్కచెల్లెళ్ళు. కొవ్వొత్తుల కొట్టాయన. కప్పు వేసిన మేస్త్రి. ఫ్యాన్లు చూసే ఉపదేశి బావమరిది, పక్కన కుండలీకరణంలో 'తప్పకుండా' అని. ఆ కింద ఒక వరస రాసి, రెండు గీతలతో కొట్టేసి ఉంది.

"ఇదెవరు?"

"పాటల పిల్ల ఫాదర్. రాశాను గానీ మా ఆవిడ చూసి కొట్టించింది. ఆమెకి కృతజ్ఞతలు చెబితే జనం నవ్వుతారంది."

"ఎందుకు నవ్వడం?"

"ఎందుకంటారేంటి ఫాదర్! మూడేళ్ళుగా పూజ మధ్యలో ఎక్కడపడితే అక్కడ పాట ఎత్తుతోంది. బిషప్ గారు వచ్చినప్పుడు కూడా, మీరు ప్రసంగం మధ్యలో ఉండగా ఎత్తిందా లేదా? ఆయన నా వైపు చూశారు. పాడింది తనైతే, చూపు నాకు!"

"ఆ వరస ఉంచు."

"ఉంచుతాను. ఏం చేసిందని చెప్పాలో చెప్పండి, రాస్తాను." ఉపదేశి చెవి వెనక నుంచి పెన్ను తీశాడు.

ఫాదరుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సరే, ఉండనీ. ఆలోచిస్తాను" అన్నారు.

ఆ అమ్మాయి ఏం చేసిందో ఆయనకి తెలుసు. ఆ సంగతి తనకి ఎక్కడ తెలిసిందో, అదే తెలియడం లేదు.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం పూజ పుస్తకంలో రెండు పేజీలు ఒకేసారి తిరిగిపోయాయి. అదేం పెద్ద సంగతి కాదు, వెనక్కి తిప్పితే సరిపోయేది. కానీ తను ఎక్కడున్నారో ఆయనకి అంతుపట్టలేదు. దీవించిన అప్పం జనానికి చూపిస్తూ పైకెత్తేశానా, ఇంకా ఎత్తాలా? జనం మోకాళ్ళ మీద ఉన్నారు. అయిపోయినదానికి ఉన్నారో, కాబోయేదానికి ఉన్నారో? గుడి మొత్తం ఆయన వైపే చూస్తోంది. అప్పుడు ఎడమ పక్క బల్లల్లోంచి ఒక గొంతు లేచింది. అక్కడ పాడాల్సిన పాట కాదు అది. అయినా జనం తడబడుతూనే అందుకున్నారు. రెండు చరణాలు అయ్యేలోపు ఆయన వేలికి సరైన పేజీ దొరికింది.

తర్వాత ఇంకోసారి. ఆ తర్వాత నెలకోసారి, ఈ మధ్య వారం విడిచి వారం. ఆయన ఆగిన ప్రతిసారీ పాట వచ్చేది. ఆ పిల్లకి తొందరెక్కువని జనం అన్నారు. బిడ్డ పుట్టాక మరీ పరాకెక్కువైందన్నారు. ఫాదరుగారు మొదట దేవుడి దయ అనుకున్నారు. తర్వాత అనుమానం వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో ఈ మాట విన్నారు.

"కావాలనే ఎత్తుతున్నానండీ, మీరు ఆగిన సంగతి ఎవరికీ తెలియకూడదని. నేను తప్పు పాడానంటున్నారు అందరూ. అననివ్వండి. కానీ అది అబద్ధం ఆడినట్టవుతుందా?"

మాటకి మాట గుర్తుంది. 'అననివ్వండి' దగ్గర గొంతు సన్నబడటం గుర్తుంది. పాలవాసన గుర్తుంది. పసిబిడ్డ మడమ దేన్నో, చెక్కనే, టకటకమని తన్నడం గుర్తుంది. ఎక్కడ విన్నారో అదొక్కటే లేదు.

జనం తమ పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనపు పెట్టెలో, ఆ చెక్క జల్లెడ అవతలి నుంచి విన్నదైతే ఆ మాట లేనట్టే. దాన్ని బయట ఎవరితోనూ అనకూడదు. చెప్పిన మనిషితో కూడా మళ్ళీ ఎత్తకూడదు. సైగగానైనా, మెచ్చుకోలుగానైనా, కృతజ్ఞతగానైనా సరే. ఆ ఒక్క నమ్మకం మీదే జనం వచ్చి ఆ చెక్క ముందు మోకరిస్తారు. ఆయన తప్పులు చేయని మనిషేం కాదు. పెళ్ళిలో పెళ్ళికొడుకుని వాళ్ళన్న పేరుతో పిలిచారు. ఒకసారి బతికున్న మనిషి ఆత్మశాంతికి పూజ చేస్తే, ఆ మనిషే రెండో వరసలోంచి లేచి నిలబడ్డాడు. కానీ ఈ తప్పు మాత్రం చేయలేదు.

వరండాలో మామూలుగా విన్నదైతే, ఆ పిల్లకి ఒక్క మాట చెప్పకుండా కారెక్కడం ఎలా? మూడేళ్ళు నలుగురి చేతా మాట పడింది తన కోసం.

మొదట్లో శిక్షణ ఇచ్చిన ముసలి గురువు ఆయనకి ఒక పద్ధతి నేర్పారు. పెట్టెలోంచి లేవగానే కుళాయి దగ్గరికెళ్ళి రెండు చెవులూ చల్లటి నీళ్ళతో కడుక్కోమన్నారు. అప్పుడు నవ్వొచ్చింది గానీ అది పనిచేసింది. చెవులు తుడుచుకునేసరికి విన్నదంతా పోయేది. బయట కొట్టాయన ఎదురైతే ఆయన కొట్టు గుర్తొచ్చేది, అంతే. మరిచిపోవడం ఆయన పనిలో సగం, ఆ సగం ఆయన బాగా చేశారు. ఇప్పుడు మధ్యలో గోడ పడిపోయింది. అటువి ఇటు వచ్చాయి, ఇటువి అటు వెళ్ళాయి. ఎవరైనా నమస్కారం పెడితే ఏదో ఒకటి గుర్తొస్తుంది. తమ్ముడితో మాటల్లేవనో, కూతురు చెప్పకుండా వెళ్ళిందనో. టీ తాగుతూ చెప్పారా, మోకాళ్ళ మీద చెప్పారా? అందుకే కొన్నాళ్ళుగా ఆయన అందరితోనూ ముభావంగానే ఉంటున్నారు. వెళ్ళేముందు ఫాదరుగారికి పొగరెక్కిందని కూడా కొందరనుకున్నారు.

టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళారు.

"పాటల పిల్ల ఎప్పుడైనా బిడ్డనెత్తుకుని ఇంటికొచ్చిందా? వరండాలో నాతో మాట్లాడిందా?"

వంటామె గరిటె ఆపింది. "ఎందుకు రాలేదూ. వానలప్పుడు వచ్చింది. మీరు పడక కుర్చీలో ఉన్నారు. చాలాసేపు మాట్లాడింది, ఏడ్చింది కూడా."

ఆయనకి ఒక్కసారిగా ఊపిరాడింది. "ఏం చెప్పిందో నీ చెవిన పడిందా?"

"పడకేం. మొగుడు కొత్త ఫోను కొన్నాడని, ఇంట్లో పప్పూ ఉప్పూ లేకపోతే ఫోనెందుకని..." వంటామె ఆగి, నొసలు ముడేసింది. "ఉండండి. ఆ బిడ్డ మగపిల్లాడు. అయితే పాటల పిల్ల కాదు, పాలామె కోడలు."

"పాటల పిల్లకి?"

"ఆడపిల్ల కదా సామీ. మీరే కదా జ్ఞానస్నానం చేయించింది!"

"అవునవును."

"ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొహం కాదది" అంది వంటామె. కానీ పొయ్యి మీద పాలు పొంగొస్తుంటే అటు తిరిగింది.

ఎనిమిదిన్నరకి ఆయన గుడిలోకి వెళ్ళారు. లోపల ఎవరూ లేరు. పాపసంకీర్తనపు పెట్టెలోకి వెళ్ళి, తను కూర్చునే చోట కూర్చుని, చెయ్యి బయటికి చాపి అవతలి పక్క చెక్కని వేలి కణుపుతో కొట్టారు. టక్‌మంది. లేచి వరండాకి వచ్చి, పడక కుర్చీ ఎదురుగా ఉన్న బల్లని అలాగే కొట్టారు. అదీ టక్‌మంది. మళ్ళీ లోపలికెళ్ళారు. ఈసారి వంగి, కింద, చంకలో బిడ్డ మడమ తగిలే ఎత్తులో కొట్టి చూశారు. తల్లి మోకరిస్తే ఎంత ఎత్తులో తగులుతుంది? నిలబడితే ఎంత?

"చెదలా ఫాదర్?" అన్నాడు వెనక నుంచి ఉపదేశి, పూలకుండీ పట్టుకుని.

ఫాదరుగారు ఉలిక్కిపడి లేచారు. "చూస్తున్నాను."

"ఆఖరి రోజు కూడా గుడి చెక్కల గురించే ఆలోచన! ఇది కూడా చెప్తాను మైకులో" అన్నాడు ఉపదేశి, నిజంగానే మనసు కరిగి.

తొమ్మిదింటికి పాటలవాళ్ళు రావడం మొదలైంది. పాటల పిల్ల అందరికంటే ముందొచ్చింది. ఇరవై రెండేళ్ళు ఉంటాయి, ఇంకా పిల్లే అంటారు. తొమ్మిదో తరగతిలో వాళ్ళమ్మ మంచాన పడితే బడి మానిపించారు. ఫాదరుగారు అప్పుడు వాళ్ళింటికెళ్ళి తండ్రితో గంటసేపు మాట్లాడారు. తండ్రి అన్నీ విని, "మరి వంటెవరు చేస్తారు ఫాదర్?" అన్నాడు. ఫాదరుగారు లేచి వచ్చేశారు. ఆ ఏడాది నుంచే గుడిలో పాడటం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇస్త్రీ కొట్లో పనిచేస్తోంది. కుడిచేతి మణికట్టు మీద ఎప్పుడూ ఒక కాలిన మచ్చ ఉంటుంది. అది మానేలోపు పక్కన ఇంకోటి వస్తుంది.

గుడి మెట్ల దగ్గరే ఉపదేశి ఆమెని ఆపాడు.

"ఇదిగో, ఈ రోజు నేను చెయ్యి ఎత్తేదాకా నోరు విప్పకు. ఫాదర్ గారి ఆఖరి పూజ. నీకు దణ్ణం పెడతాను."

"అలాగేనండి."

"అలాగే అంటావు, మళ్ళీ ఎత్తుతావు."

"ఎత్తనండి."

ఆమె బిడ్డని చంకలో సర్దుకుంటూ ఫాదరుగారి దగ్గరికొచ్చింది. ఆయన బిడ్డ నుదుటి మీద శిలువ గుర్తు వేశారు. బిడ్డ ఆయన వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది.

"పన్నొచ్చింది ఫాదర్, చూడండి" అని ఆమె బిడ్డ కింది పెదవి లాగి చూపించింది. "తెల్లవారుజాము నుంచీ ఒళ్ళు వెచ్చగా ఉంది. పన్నుకే అంటారా, ఇంకేదైనా అంటారా? మా అత్తయ్య పన్నుకే అంటోంది. ఆవిడ అన్నిటికీ పన్నే అంటుంది."

"పన్నుకే అమ్మా."

"మీరన్నారుగా. సరే." వెళ్ళలేదు. "అక్కడ కూడా పూజ మీరే చేయాలా ఫాదర్?"

"లేదమ్మా. అక్కడందరం ముసలివాళ్ళమే. చేసేవాళ్ళు వేరే ఉంటారు. నేను వెనక వరసలో కూర్చోవడమే."

"హమ్మయ్య" అంది. అని, నాలుక్కరుచుకుంది. "అంటే, కాళ్ళకి విశ్రాంతి కదా అని."

ఫాదరుగారు ఆమె మొహంలోకి చూశారు. ఇప్పుడు 'ఎందుకమ్మా హమ్మయ్య' అని ఒక్క మాట అడిగితే చాలు. తనే చెబుతుంది. పట్టపగలు, మెట్ల మీద, నలుగురూ తిరుగుతుండగా విన్నట్టవుతుంది. కృతజ్ఞతలు చెప్పడానికి దారి దొరుకుతుంది. కానీ ఆ మాట జల్లెడ అవతల విన్నదే అయితే, ఇప్పుడు ఇలా లాగడం మాత్రం దాన్ని ఎత్తడం కాదా? దొడ్డిదారిన వెళ్ళినా వెళ్ళేది ఆ గదిలోకే. అడగొచ్చేమో. అడగకూడదేమో. ఆలోచన ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చేసరికి మొదటి చివర మరిచిపోయారు.

"కాళ్ళకి మంచిదే" అన్నారు.

ఆమె తలూపి లోపలికెళ్ళిపోయింది.

గుడి నిండింది. వెనక నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. ఫాదరుగారు పూజంతా పుస్తకం మీద వేలుపెట్టుకుని, అక్షరం అక్షరం తడుముతూ చేశారు. ఎక్కడా ఆగలేదు. ఉపదేశి చెయ్యి ఎత్తినప్పుడల్లా పాట వచ్చింది, దించగానే ఆగింది. ఉపదేశి మొహం వెలిగిపోతోంది. చివరి ప్రార్థన అయ్యాక జనాన్ని కూర్చోమని, మైకు సర్ది, ఆయన జేబులోంచి కాగితం తీశారు.

"నా విచారణ బిడ్డలారా" అని మొదలుపెట్టారు. "పదకొండేళ్ళ కిందట నేనిక్కడికి వచ్చిన రోజు వాన. గుడి లోపల కూడా వాన. మీరు బకెట్లు పట్టుకొచ్చి బల్లల మధ్య పెట్టారు. నా మొదటి ప్రసంగం ఎవరికీ వినపడలేదు, చుక్కల చప్పుడే వినపడింది. అదే మంచిదైందని తర్వాత ఎవరో అన్నారు."

జనం నవ్వారు. ఆయనకి ధైర్యం వచ్చింది.

"నాకు జబ్బు చేసినప్పుడు మీరు వంతులేసుకుని నా మంచం పక్కన కూర్చున్నారు. వంతులో పొరపాటు వచ్చి ఒక రోజు ముగ్గురొచ్చారు, ఇంకో రోజు ఎవరూ రాలేదు. ఎవరూ రాని రోజు కూడా గుమ్మంలో గంజి గిన్నె ఉంది. ఎవరు పెట్టారో ఈ రోజు వరకూ నాకు తెలియదు. నేను మీకిచ్చింది తక్కువ. మీ ఇళ్ళల్లో ఎవరైనా పోతే వచ్చి నిలబడ్డాను, అంతే. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. మీరే నాకు కుర్చీ వేసి, 'కూర్చోండి ఫాదర్, అలిసిపోయారు' అనేవాళ్ళు. ఏడుస్తున్నవాళ్ళు లేచి నాకు మంచినీళ్ళిచ్చేవాళ్ళు."

ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. ఆయన కాగితం వైపు చూశారు.

"గంట కొట్టే తాతకి కృతజ్ఞతలు. గుడి ఊడ్చే అక్కచెల్లెళ్ళకి కృతజ్ఞతలు. కొవ్వొత్తులు..."

తర్వాతి వరస మీద ఆయన కళ్ళు సరిగా ఆనలేదు. కిందికి జారి, ఆ కొట్టేసిన వరస దగ్గర ఆగిపోయాయి. రెండు గీతల కింద అక్షరాలు కనపడుతున్నాయి. చదవాలా? కొట్టేసినది చదవకూడదు కదా. ఎవరు కొట్టేశారు? నేనేనా? ఇంతకుముందు ఏం చదివాను? తాత అయ్యాడా? ఊడ్చేవాళ్ళు అయ్యారా? కాగితం ఒకటే, వరసలు అయిదారే. అయినా అది ఎవరో ఇంకొకరి చేతిలో ఉన్నట్టుంది. తల ఎత్తారు. గుడి నిండా మొహాలు. అందరూ ఎదురుచూస్తున్నారు. దేనికోసమో ఆయనకి తెలియలేదు.

ఫ్యాన్ల చప్పుడు వినపడుతోంది. ఎవరో దగ్గారు.

ఎడమ పక్క బల్లల్లో పాటల పిల్ల బిడ్డని ఇటు చంక నుంచి అటు చంకకి మార్చుకుంది. ఉపదేశి ఆమె వైపే చూస్తూ, చెయ్యి నడుం దగ్గరే ఉంచి వద్దు వద్దని వేళ్ళు ఆడిస్తున్నాడు. ఆమె ఆ వేళ్ళు చూసింది. తర్వాత ఫాదరుగారిని చూసింది. లేచి నిలబడి పాట ఎత్తింది.

పూజ మొదట్లో, ఫాదరుగారు గుడిలోకి నడిచొచ్చేటప్పుడు పాడేసిన పాటే. ఇప్పుడు దానికి అర్థమే లేదు. గుడిలో సగంమంది వెనక్కి తిరిగారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఉపదేశి అరచెయ్యి నుదుటి మీద వేసుకున్నాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి గానీ గొంతు తగ్గించలేదు. తల్లి పాడుతుంటే బిడ్డ కూడా ఆ అని అందుకుంది. ఇక తప్పదని జనం కూడా అందుకున్నారు.

ఫాదరుగారు మైకు పట్టుకుని నిలబడి విన్నారు. ఆమె ఎలా చూసిందో చూశారు. ముందు తనని చూసింది, ఆ తర్వాతే నోరు తెరిచింది. ఇది ఆయన ఇప్పుడు, ఇక్కడ, తన కళ్ళతో చూసిన సంగతి. మధ్యలో చెక్క లేదు, జల్లెడ లేదు. అందరూ చూశారు. ఆ ఒక్క సంగతి మాత్రం ఆయనకి అరచేతిలో పెట్టినట్టు తెలిసింది. మిగిలినదంతా ఎక్కడ పోయిందో పోనీ.

పాట అయిపోయింది.

"అమ్మా" అన్నారు ఆయన, ఎడమ పక్కకి తిరిగి. "ఇప్పుడు నేను ఆగిపోయాను. నువ్వు పాడావు. కృతజ్ఞతలమ్మా. చాలా కృతజ్ఞతలు."

ఆమె కూర్చోబోతూ సగంలో ఆగిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ దూరానికి తెలియలేదు. బిడ్డ మెడలో మొహం దాచుకుంది.

ఫాదరుగారు కాగితం వైపు చూశారు. ఎక్కడ ఆపారో దొరకలేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, రెండు చేతులూ ఎత్తి జనాన్ని దీవించారు. కృతజ్ఞతలు అయిపోయాయి.

బయట గోల మొదలైంది. కొవ్వొత్తుల కొట్టాయనకి తన కొవ్వొత్తులు అయ్యాయి గానీ కృతజ్ఞతలు కాలేదని బాధ. మేస్త్రి పెళ్ళాం, "ఎండలో కప్పెక్కింది మా ఆయన, పేరు మాత్రం పాటకా" అని రెండు సార్లు అంది. బావమరిది అసలు మాట్లాడలేదు. ఉపదేశి పాటల పిల్లని మెట్ల దగ్గర పట్టుకున్నాడు.

"ఎత్తొద్దన్నానా లేదా?"

"అన్నారండి."

"ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఆగారు. అంత మంచి ఘట్టం! ఒక్క నిమిషం ఆగలేకపోయావా? ఆయన పెద్దమనసు కాబట్టి కవర్ చేశారు."

"తప్పైపోయిందండి" అంది ఆమె, బిడ్డ నోటి చొంగ తుడుస్తూ.

వరండాలో షూ లేసులు కట్టించుకుంటున్న ఫాదరుగారికి ఆ మాట వినిపించింది. అందరి ముందూ తను చెప్పేసినా ఆమె ఇంకా దాస్తూనే ఉంది. 'ఇప్పుడు ఆగిపోయాను' అన్నాను. ఇప్పుడు అన్నానంటే అప్పుడు అని కూడా అన్నట్టేనా? విన్న మాట ఎత్తకూడదన్న గీత దాటానా, దాటలేదా? ఎవరినైనా అడగాలి. ఎవరినడగాలి? రేపు పాపసంకీర్తనం చేసుకునేటప్పుడు అడగొచ్చు. కానీ రేపటికి ఇది గుర్తుండాలి.

భోజనం అయింది. రెండింటికి కారొచ్చింది. కాస్త మేఘం పట్టింది. సూట్‌కేసు, అట్టపెట్టె వెనక పెట్టారు. గంట కొట్టే తాత గంట కొడతానంటే, వేళ కాని వేళ ఎందుకని ఫాదరుగారే వద్దన్నారు. పాటల పిల్ల కనపడలేదు. బిడ్డకి ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందని ఇంటికెళ్ళిపోయిందట. ఆయన తలూపారు.

"పన్నుకే" అన్నారు. ఎవరి గురించో వంటామెకి అర్థం కాలేదు.

కారు మలుపు తిరిగింది. కాసేపు నిలబడి, జనం ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

వంటామె గదిలోకొచ్చి దుప్పటి తీసింది, దిండు గలీబు ఊడదీసింది. దిండు కింద చేతిరుమాలు ఒకటి దొరికింది, తెల్లది, అంచు నీలం. ఒక మూలకి ముడి వేసి ఉంది. ఏదో గుర్తుపెట్టుకోవాలని వేసుకున్న ముడే. మాత్రల కోసమా? బనీను తిరగేసి తొడుక్కోకూడదనా? ఎవరికైనా ఏదైనా చెప్పాలనా? మంచం మీద కూర్చుని గోరుతో విప్పబోయింది. బాగా బిగిసిపోయింది. పంటితో పట్టుకుందామనుకుని, మళ్ళీ వదిలేసింది. తను విప్పితే అక్కడ ఆయనకి గుర్తున్నది కూడా పోతుందేమో అనిపించింది.

అలాగే ఉతికి, పెరట్లో తీగ మీద ఆరేసింది. సాయంత్రానికి గుడ్డంతా ఆరిపోయి గాలికి ఎగురుతోంది. ముడి మాత్రం ఇంకా తడిగానే ఉంది.